బామ్మర్ది షీట్‌లో లేని వరసలు

పోయిన ఆదివారం రాత్రి పదకొండింటికి మా బామ్మర్ది ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. అయిదు కాలమ్‌లు, పద్నాలుగు వరసలు. కాలమ్‌కి ఒక స్పోర్ట్స్ కారు: మాజ్డా మియాటా, టొయోటా జీఆర్86, ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, పోర్షే 718 కేమన్, షెవర్లే కార్వెట్ సీ8. హార్స్‌పవర్‌కి ఇన్ని మార్కులు, టాప్ స్పీడ్‌కి ఇన్ని మార్కులు అని వేసుకుంటూ వచ్చి, చివర పచ్చరంగు గడిలో టోటల్ కొట్టాడు. కార్వెట్ ఫస్టు. మియాటా లాస్టు. కింద మెసేజ్: "బావా, ఒక్కసారి చూసి ఓకే అను, శనివారం అడ్వాన్స్ ఇచ్చేస్తా."

లాస్టొచ్చింది నా కారే. 2019 మోడల్, 2021 చివర్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. నేనేమీ మెకానిక్‌ని కాను. తెనాలిలో పుట్టి, డాలస్ పక్కన ప్లేనోలో డేటాబేస్‌లు చూసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. కాకపోతే కొనేముందు నాలుగు నెలలు ఇవే కార్ల చుట్టూ, అప్పటి మోడళ్ల చుట్టూ తిరిగాను. చేయాల్సిన తప్పులన్నీ వరసపెట్టి చేశాను. కాబట్టి వాడికి ఫోన్లో గంటన్నర చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గరా ఇలాంటి షీట్ ఒకటి ఉంటే పక్కన తెరిచి పెట్టుకోండి.

ముందు టాప్ స్పీడ్ వరస కొట్టేయించాను. మా టెక్సస్‌లోనే కాదు, అమెరికా మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ స్పీడ్ లిమిట్ ఉన్నది ఆస్టిన్ దగ్గర నుంచి సెగీన్ వైపు వెళ్లే 130 టోల్ రోడ్డు మీద. అక్కడ కూడా 85 మైళ్లే. ఈ అయిదింటిలో ఏదైనా ఆ 85ని ఆవలిస్తూ అందుకుంటుంది. తేడా చూపించని వరస షీట్‌లో ఎందుకు?

హార్స్‌పవర్ వరస తీసెయ్యక్కర్లేదు. కానీ పక్కన బండి బరువు రాసి, బరువుని హార్స్‌పవర్‌తో భాగించండి. ఒక్కో గుర్రం ఎన్ని పౌండ్లు లాగాలో తెలుస్తుంది. మియాటా సుమారు 2,350 పౌండ్లు, 181 గుర్రాలు. జీఆర్86 సుమారు 2,800 పౌండ్లు, 228 గుర్రాలు. కేమన్ మామూలు మోడల్ 3,000కి కాస్త అటూ ఇటూ, 300 గుర్రాలు. మస్టాంగ్ జీటీ దాదాపు 3,800, గుర్రాలు 480. కార్వెట్ 3,600 పైచిలుకు, 490. భాగిస్తే వరసగా 13, 12 పైన, 10, 8, ఏడున్నర వస్తాయి. మా వాడి షీట్‌లో జీఆర్86 మియాటా మీద 47 గుర్రాల మెజారిటీతో గెలిచింది. భాగించి చూస్తే ఆ మెజారిటీ గుర్రానికి ఒక పౌండు కూడా లేదు.

బరువు అక్కడితో ఆగదు. మియాటాకీ మస్టాంగ్‌కీ మధ్య తేడా సుమారు 1,450 పౌండ్లు. అంటే మియాటాలో మన కాలనీ వాళ్లని తొమ్మిది పది మందిని కుక్కుకుని తోలినట్టు. గ్యాస్ నొక్కినప్పుడు ఆ బరువుని ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్ మీకు తెలియనివ్వదు. బ్రేకు నొక్కినప్పుడు, మలుపు తిప్పినప్పుడు మాత్రం దాన్ని మోసేది బ్రేకు ప్యాడ్లూ టైర్లే, వాటి బిల్లు కట్టేది మీరు. అందుకే నా షీట్‌లో అన్నిటికంటే పైవరస బరువు. మీకు నచ్చకపోతే కిందికి దింపుకోండి, కానీ తీసెయ్యకండి.

ఇక జీరో టు సిక్స్‌టీ, అంటే నిలబడ్డ కారు 60 మైళ్ల స్పీడు అందుకోవడానికి పట్టే టైము. మా వాడు ఒక కారుకి పత్రిక అంకె, ఇంకో కారుకి కంపెనీ అంకె, కేమన్‌కి యూరప్ అంకె వేశాడు. మూడూ మూడు రకాల కొలతలు. అమెరికా పత్రికల్లో చాలావాటికి కారు కదలగానే గడియారం మొదలుకాదు. మొదటి అడుగు దూరం దాటాక మొదలవుతుంది. డ్రాగ్ రేసుల నుంచి వచ్చిన అలవాటు అది. ఆ ఒక్క అడుగు వల్ల దాదాపు 0.3 సెకన్లు కలిసొస్తాయి. యూరప్ వాళ్లు కొలిచేది గంటకి 100 కిలోమీటర్ల వరకు, అంటే 62 మైళ్లు. కార్వెట్‌కి షెవర్లే చెప్పే 2.9 సెకన్లు జెడ్51 అనే అదనపు పర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్న బండికి. ఒకే చోట, ఒకే పద్ధతిలో తీసిన అంకెలు అయిదింటికీ దొరికితేనే ఆ వరస ఉంచండి.

దానికంటే నాకు పనికొచ్చింది 5 నుంచి 60 మైళ్ల అంకె. కార్ అండ్ డ్రైవర్ పత్రిక తన టెస్టుల్లో అదీ ఇస్తుంది. కారు నెమ్మదిగా దొర్లుతుండగా ఒక్కసారిగా నొక్కితే ఎంతసేపు పడుతుందన్నది లెక్క. మనం రోజూ చేసేది అదే కదా. సిగ్నల్ దగ్గర లాంచ్ కంట్రోల్ (నిలబడ్డ కారుని ఒక్క ఊపున దూకించే ఏర్పాటు) ఆన్ చేసి కూర్చునేవాణ్ణి నేనింతవరకు చూడలేదు, చూస్తే పక్క లేన్‌లోకి వెళ్లిపోతాను. జీరో టు సిక్స్‌టీకీ ఈ అంకెకీ మధ్య దూరం ఎక్కువగా ఉంటే, ఆ కారు వేగంలో కొంత భాగం బయల్దేరే ట్రిక్కులోనే ఉందని అర్థం.

ఇంకో వరస కొత్తగా పెట్టించాను: రెండో గేరులో ఎంత స్పీడు దాకా పోతుంది? ఇది ఏ బ్రోచర్‌లోనూ పెద్దక్షరాల్లో ఉండదు. నా మియాటా రెండో గేరులో 7,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా లాగితే 63 మైళ్ల దగ్గర ఉంటుంది. అంటే హైవే ఎక్కే ర్యాంప్ మీద మొదటి గేరు, రెండో గేరు చివరిదాకా లాగి, మూడోది వేసి, అప్పటికీ టికెట్ పడని స్పీడులో ఉండొచ్చు. కేమన్ మాన్యువల్‌లో గేర్లు పొడుగు. రెండో గేరు ఒక్కటే 70 దాటిపోతుంది. ఇంజన్ తన మంచి పాట అందుకునే వేళకి అద్దంలో పోలీసుల ఎరుపూ నీలం లైట్లు కనపడతాయేమోనని టెన్షన్. కార్వెట్‌లో అసలు మాన్యువలే లేదు. ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్, కంటిరెప్ప వేసేలోపు మారుస్తుంది. గేరు మార్చడమే సరదా అనుకునేవాడికి ఆ ఒక్క మాటతో ఒక కాలమ్ ఎగిరిపోతుంది. మా వాడికి ఆ పట్టింపు లేదు, సరే.

ఇప్పుడు అసలు సంగతి. టెస్ట్ డ్రైవ్. అందరూ పావుగంట నడిపి "సూపర్‌గా ఉంది" అని దిగుతారు. కొత్త కారు ఏదైనా సూపర్‌గానే ఉంటుంది. పోలికంటూ ఉండాలంటే దారి ఒకటే ఉండాలి, వీలైతే అన్నీ ఒకే రోజు నడపాలి, షూ జత కూడా ఒకటే ఉండాలి. షూ గురించి నవ్వకండి. మందం అడుగు ఉన్న రన్నింగ్ షూతో ఒక కారు, పల్చటి కాన్వాస్ షూతో ఇంకో కారు నడిపితే, క్లచ్ బాగుందా షూ బాగుందా అన్నది తేల్చలేరు. మా బామ్మర్దికి అన్ని కార్లూ చెప్పులతో నడిపే అలవాటుంది.

నేను ఒక దారి పెట్టుకున్నాను. పన్నెండు మైళ్లు. అందులో ఒక రైల్వే క్రాసింగ్, పగుళ్లు పడ్డ పాత కాంక్రీట్ రోడ్డు అర మైలు, హైవే కింద ఒక యూటర్న్, హైవే ఎక్కే గుండ్రటి ర్యాంప్ ఒకటి, ఆపైన 70 మైళ్ల మీద ఒక అయిదు నిమిషాలు, చివర ఒక గ్రోసరీ స్టోర్ పార్కింగ్. డీలర్ చెప్పిన దారిలో వెళ్లకండి. వాళ్ల దారిలో కుడి మలుపులు నాలుగే ఉంటాయి, రోడ్డు అద్దంలా ఉంటుంది.

స్టార్ట్ చేయకముందే కూర్చుని చూసుకోవాల్సినవి ఉన్నాయి. వీపు సీటుకి ఆనించి, చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. క్లచ్ మొత్తం నొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. తల మీద పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి, రేపు ఆటోక్రాస్‌కి (కోన్ల మధ్య టైము పెట్టి నడిపే పోటీకి) వెళ్తే హెల్మెట్ పెట్టుకోవాలి కాబట్టి. నా ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు, మియాటాలో సరిగ్గా సరిపోయాను. మా వాడు నాకంటే మూడంగుళాలు ఎక్కువ. కార్వెట్‌లో స్టీరింగ్ దాదాపు నలుచదరంగా ఉంటుంది, 2025 మోడల్ దాకా డ్రైవర్‌కీ పక్క సీటుకీ మధ్య ఏసీ బటన్లతో ఒక గోడ లేచి ఉండేది. మా ఆవిడ ఆ గోడ అవతల కూర్చుని, "బాగుందండీ, మీ గది మీది, నా గది నాది" అంది. అది మెచ్చుకోలో కాదో నేనిప్పటికీ అడగలేదు.

మ్యూజిక్ ఆపేయండి. ఈ రోజుల్లో కొన్ని కార్లలో ఇంజన్ చప్పుడు కొంత స్పీకర్లలోంచి వస్తుంది. జీఆర్86లో అలాంటి ఏర్పాటు ఉంది. తప్పేం లేదు, కానీ మీరు వింటున్నది ఏమిటో తెలిసి వినండి. కిటికీలు దించి గోడ పక్కగా ఒకసారి పోనిస్తే అసలు గొంతు వినపడుతుంది.

ర్యాంప్ మీద చేయాల్సింది ఒక్కటే. మలుపంతా ఒకే స్పీడు ఉంచి, రెండు చేతుల్తో పట్టుకుని, చేతులకి ఏం తెలుస్తుందో గమనించడం. నేను తిరిగే ర్యాంప్ సగంలో కాంక్రీట్ పలకల మధ్య అతుకు ఒకటి ఉంది. కేమన్‌లో ఆ రోజు నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు, సేల్స్‌మన్. మలుపు మొదలయ్యాక స్టీరింగ్ బరువు కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది, చేపని గాలంతో మెల్లగా లాగుతున్నప్పటిలా. అతుకు దగ్గర ఎడమ అరచేతిలో చిన్న చురుకు, వెంటనే మళ్లీ అదే బరువు. ముందు టైరు దేని మీద నడిచిందో కళ్లు మూసుకుని చెప్పగలను. పెద్దాయన అప్పటిదాకా ఆపకుండా లీజు గురించి చెబుతున్నవాడు, అక్కడ మాత్రం నోరు మూసుకున్నాడు. అదే ర్యాంప్, అదే అతుకు, ఇంకో కారులో సీటు కింద ధబ్‌మని వినిపించింది, చేతులకి ఏమీ అందలేదు. ఆ కారు షీట్‌లో కేమన్ కంటే పైనుంది. నా మియాటా ఆ రెండింటికీ మధ్యలో ఉంటుంది, అబద్ధమెందుకు. ఒరుగుతుంది కూడా. ఆ ఒరగడం నాకు నచ్చింది, ఎంత గట్టిగా తిరుగుతున్నానో ముందే చెబుతుంది కాబట్టి.

దిగాక టైర్ల దగ్గర వంగండి. సెకండ్‌హ్యాండ్ అయితే ఇది తప్పనిసరి. టైరు గోడ మీద డీఓటీ అని ఉండి, ఆ వరస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండు ఎన్నో వారమో, చివరి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. 2021లో నేను ఒక పాత కేమన్ దాదాపు కొనేశాను. అమ్మేవాడు "టైర్లు కొత్తవాటి కింద లెక్క" అన్నాడు. గాడులు నిజంగానే లోతుగా ఉన్నాయి. అంకె చూస్తే 2215. అంటే 2015లో 22వ వారం. గోరుతో నొక్కితే పాత ప్లాస్టిక్ బకెట్ అంచులా ఉంది. ఆరేళ్ల రబ్బరు. చూపించి అడిగితే, ఎండలో పెట్టలేదు కదా అన్నాడు. అదే టైరు గోడ మీద ట్రెడ్‌వేర్ అని ఇంకో అంకె ఉంటుంది. 200, 300 ఉంటే పట్టు ఎక్కువ, అరుగుదల కూడా ఎక్కువ. కార్వెట్‌కి ముందు టైర్లు 245 వెడల్పు 19 అంగుళాలు, వెనకవి 305 వెడల్పు 20 అంగుళాలు. ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకునే వీల్లేదు, వెనకవి అరిగితే కొనడమే. మియాటాకి నాలుగూ ఒకటే సైజు. ఈ టైర్ల వరసలో సెట్ ధర ఫోన్ చేసి కనుక్కుని అంకె వేయండి, ఊహించి కాదు. సమ్మర్ టైర్లయితే 45 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి దిగితే రబ్బరు బిగుసుకుపోతుంది. డాలస్ జనవరి పొద్దుల్లో ఆఫీసుకి అదే కారులో వెళ్లేవాడికి అది చిన్న విషయం కాదు.

పెట్రోల్ 718 తయారీ 2025లో ఆగిపోయింది కాబట్టి, మా వాడి కేమన్ కాలమ్ అంటే ఇక సెకండ్‌హ్యాండే. దానికి రెండు సంగతులు విడిగా చెప్పాను. ఒకటి, ఇంకా పాతవాటి వైపు చూపు మళ్లితే 2009 మోడల్ నుంచి పైకే చూడు. అంతకుముందు కేమన్ ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అనే భాగం ఉండేది, అది పోతే ఇంజన్ మొత్తం పోతుంది. 2009లో వచ్చిన కొత్త ఇంజన్‌లో ఆ షాఫ్టే లేదు. రెండు, మాన్యువల్ అయితే ఓవర్‌రెవ్ రిపోర్ట్, అంటే ఇంజన్ హద్దు దాటి ఎన్నిసార్లు తిరిగిందో చెప్పేది, తీయించు. మూడో గేరు నుంచి నాలుగుకి వేయబోయి రెండుకి వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. ఆర్‌పీఎం హద్దు దాటకుండా కారు చేయగలిగింది పెట్రోలు ఆపడం ఒక్కటే. ఇక్కడ ఇంజన్‌ని తిప్పుతున్నది పెట్రోలు కాదు, రోడ్డు మీద దొర్లుతున్న చక్రాలు. వాటిని ఆపేదెవరు? దీన్ని ఇక్కడ మనీ షిఫ్ట్ అంటారు, పేరులోనే బిల్లుంది. పోర్షే కంప్యూటర్ ఇలాంటివి ఎన్నిసార్లు, ఎంత ఎత్తులో జరిగాయో ఆరు మెట్లుగా దాచి పెట్టుకుంటుంది. పై మెట్లలో అంకెలుంటే ఆ కారుకి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఈ రిపోర్టూ, లిఫ్ట్ మీద ఎత్తి చేసే చెకింగూ అమ్మేవాడికి సంబంధం లేని షాపులో చేయించాలి. కార్‌ఫ్యాక్స్ (కారు పాత చరిత్ర చెప్పే రిపోర్టు) క్లీన్‌గా ఉందని అక్కడితో వదిలేయకండి. ఇన్సూరెన్స్ దాకా వెళ్లని దెబ్బలు అందులో కనపడకపోవచ్చు.

ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. నచ్చిన కారు విన్ నంబర్ (ఒక్కో కారుకి విడిగా ఉండే గుర్తింపు నంబర్) తీసుకుని అడ్వాన్స్ ఇవ్వకముందే కోట్ తెప్పించండి. మోడల్ పేరుతో అడిగితే ఒక అంకె చెబుతారు, విన్‌తో అడిగితే ఇంకోటి వస్తుంది. మా వైపు వసంతకాలం వచ్చిందంటే వడగళ్లు. గోల్ఫ్ బంతులంత పడతాయి. కాంప్రిహెన్సివ్ డిడక్టబుల్ (ఇలాంటి నష్టంలో ముందు మీ జేబులోంచి కట్టాల్సిన వాటా) ఎంతో చూసుకోండి, ఆ కారుకి గరాజ్‌లో చోటుందో లేదో టేపు పెట్టి కొలవండి. మినీ వ్యాన్ బయటికీ స్పోర్ట్స్ కారు లోపలికీ అన్న ఒప్పందం ఇంట్లో ముందే కుదుర్చుకోవాలి. అది టేపుతో తేలదు.

సామాను వరస మా చెల్లెమ్మ, అంటే మా వాడి భార్య, పెట్టించింది. మియాటా డిక్కీ 4.6 ఘనపుటడుగులు. ఇండియన్ స్టోర్ నుంచి ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు, కూరగాయలు, పైన కొత్తిమీర కట్ట. అంతే. సొరకాయ కొంటే పక్కసీటులో బెల్టు పెట్టి కూర్చోబెట్టాలి. కార్వెట్‌లో ముందో పెట్టె, వెనకో పెట్టె, రెండూ కలిపి 12.6. వెనక పెట్టె ఇంజన్ పక్కనే ఉంటుంది కాబట్టి ఐస్‌క్రీం ముందు పెట్టెలో పెట్టుకోవాలి. జీఆర్86లో వెనకసీట్లున్నాయి, కానీ అవి మనుషులకి కాదు. మడిస్తే మాత్రం అదనంగా ఒక చక్రాల సెట్టు పట్టేస్తుంది. మస్టాంగ్ వెనక మా అమ్మాయి, అప్పుడు పదేళ్లు, అరగంట కూర్చుంది, కిటికీ చిన్నదని గొణిగింది తప్ప దిగుతానని అడగలేదు. మా వాడికి ఇద్దరు పిల్లలు. వాడి షీట్‌లో ఈ వరసే లేదంటే చూడండి.

కొన్నాక ఎక్కడ నడుపుతారన్నది ముందే తేల్చుకోండి, ఎందుకంటే డాలస్ చుట్టూ రోడ్లు స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. నాకు నచ్చిన మలుపులు లీకీ ఊరి చుట్టూ ఉన్న 335, 336, 337 నంబర్ల రాంచ్ రోడ్ల మీద ఉన్నాయి. ముగ్గురు అక్కచెల్లెళ్లని పిలుస్తారు వాటిని. కానీ అక్కడికి చేరాలంటే అయిదు గంటలకి పైనే హైవే. నా మియాటా లాంటి గుడ్డ టాపు కారులో 75 మీద అయిదు గంటలంటే, పక్కన మనిషితో మాట్లాడాలంటే కేకెయ్యాలి. కేమన్‌లో, కార్వెట్‌లో వెళ్లినవాళ్లు దిగి నవ్వుతూ టీ తాగుతారు, నేను చెవులు రుద్దుకుంటూ తాగుతాను. మీ వాడకంలో హైవే ఎక్కువైతే నా మాట విని మియాటా కొనకండి. అదే, ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు వాళ్లు ఖాళీ పార్కింగుల్లో కోన్లు పెట్టి నడిపించే ఆటోక్రాస్ అయితే తేలిక కారే హాయి. స్పీడు రెండో గేరు దాటదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను మూడు కోన్లు గుద్దాను. కోనుకి రెండు సెకన్లు జరిమానా. నా ముందు వెళ్లిన కాలేజీ కుర్రాడు పాత మియాటాలో ఒక్కటీ తాకలేదు.

చివరికి తేల్చుకోలేకపోతే, మిగిలిన రెండింటినీ వారాంతానికి ఒకటి చొప్పున టూరోలో (జనం తమ సొంత కార్లు అద్దెకిచ్చే యాప్) అద్దెకి తీసుకోండి. రాత్రిపూట, వర్షంలో, ఆకలితో ఇంటికొస్తున్నప్పుడు ఆ కారు మీద చిరాకొస్తుందో లేదో తెలుస్తుంది. ఏ డీలరూ ఆ టెస్ట్ డ్రైవ్ ఇవ్వడు. ఇంకోటి, కొత్తదైతే సంతకం పెట్టేముందు ముందు బంపర్‌కి రంధ్రాలు వేయొద్దని చెప్పండి. టెక్సస్‌లో ముందు నంబర్ ప్లేట్ తప్పనిసరి, కానీ టో హుక్ (బండిని లాగడానికి తగిలించే కొక్కెం) దగ్గర బిగించుకునే క్లాంపులు దొరుకుతాయి.

మంగళవారం మా వాడు షీట్ మళ్లీ పంపాడు. పచ్చరంగు టోటల్ గడి లేదు. కాలమ్‌లు రెండే మిగిలాయి, జీఆర్86, మస్టాంగ్. పిల్లల వరస చూసి మస్టాంగ్, టైర్ల వరస చూసి జీఆర్86 అంటున్నాడు. శనివారం అడ్వాన్స్ లేదు. పొద్దున తొమ్మిదింటికి మా ఇంటికి వస్తే రెండు కార్లూ నా పన్నెండు మైళ్ల దారిలో తిప్పిస్తానన్నాను. చెప్పులతో మాత్రం రావద్దన్నాను.